చిన్న మాటలను అనుమానించిన టీచరుగారు

ఎదురింటి టీచరుగారు పోయారన్న కబురు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. పెట్టింది ఎవరా అని చూశాను. సెక్రటరీగారే. అయినా నమ్మలేదు. గ్రూపులో ఎవరేం రాసినా ముందు ఫోన్ చేసి కనుక్కోవాలని నాకు నేర్పింది ఆ టీచరుగారే. ఆసుపత్రిలో తల్లి దగ్గరున్న కూతురికి ఫోన్ చేశాను.

"నిజమే అక్కా" అంది ఆ అమ్మాయి. "పొద్దున్న కాఫీ ఇమ్మంది. నర్సు వద్దంది. ‘ఎందుకు వద్దో డాక్టరు చేత చెప్పించు, నీ మాట నేను నమ్మను’ అంది అమ్మ. డాక్టరు వచ్చేసరికి అయిపోయింది."

అప్పుడు నమ్మాను. ఆ మాట ఇంకెవరూ అనరు.

మధురవాడలో మా ఫ్లాటు తలుపు తీస్తే ఎదురుగా ఆవిడ తలుపే. భర్త స్టీలుప్లాంటులో పనిచేసినన్నాళ్ళూ ఆవిడ ఉక్కునగరం క్వార్టర్సులో ఉంటూ అక్కడే ఒక బడిలో ఇంగ్లీషు చెప్పారు. ఆయన పోయాక ఇటు వచ్చి ఒక్కరే ఉండేవారు. ఇంగ్లీషు ఎంత నిక్కచ్చిగా మాట్లాడేవారో, తెలుగు అంత హాయిగా మన వైపు యాసలో మాట్లాడేవారు. మేము దిగిన కొత్తలో నాకు ఆవిడంటే అస్సలు పడేది కాదు. కారణం ఆవిడ తలుపు. అది ఎప్పుడూ బెత్తెడు తెరిచి ఉండేది.

నాది ఫోన్లో విదేశీ కస్టమర్ల గోడు వినే ఉద్యోగం. వారంలో సగం రోజులు ఇంటి నుంచే. మా ఇంట్లో సిగ్నల్ సరిగా అందదు, అందుకని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడేదాన్ని. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆ బెత్తెడు సందులో తెల్లచీర అంచు కదిలేది. నేను ఆపితే అదీ ఆగేది. ఎవరితో మాట్లాడుతున్నానో కనిపెడుతున్నారనుకున్నాను. అసోసియేషన్ వాళ్ళకి నా మీద ఏదో చెప్పబోతున్నారనుకున్నాను. మా ఆయనతో అంటే, "పెద్దావిడ, కాలక్షేపం లేక వింటంది, ఒగ్గీయ్" అన్నాడు.

ఒకరోజు ఫోన్ పెట్టేయగానే ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది.

"అమ్మాయ్, ఇలా రా. ‘డిస్కస్ అబౌట్’ ఏటమ్మా? రోజూ అదే తప్పు. డిస్కస్ అంటేనే దాని గురించి మాట్లాడ్డం. దాని ఎనకాల మళ్ళీ అబౌట్ ఎందుకు? ఆ తెల్లోడు పాపం మర్యాదకి ఊరుకుంటన్నాడు గానీ."

నాకు ఒళ్ళు మండింది. "మీరు నా ఫోన్లు వింటున్నారా అండీ?" అన్నాను.

"వినక? గుమ్మంలో అరుత్తుంటే సెవులు మూసుకోవాలా?"

మా పరిచయం అలా గొడవతోనే మొదలైంది. ఆ నెల ఆఫీసులో నా కాల్స్ పరిశీలించినవాళ్ళు కూడా అదే తప్పు ఎత్తి చూపించేసరికి, నేనే వెళ్ళి ఆవిడ తలుపు కొట్టాను. లోపలికి రమ్మనే ముందు ఆవిడ, "ఎవరు పంపారు నిన్ను?" అని అడిగారు.

ఆవిడ అందర్నీ అనుమానించేవారు. పాలు పోసే అతను నీళ్ళు కలుపుతున్నాడని, లిఫ్టు మరమ్మతువాళ్ళు కావాలనే మళ్ళీ పాడయ్యేలా బిగిస్తారని, కూరల బండి తూకం తేడా అని. అందరికన్నా ఎక్కువగా అనుమానించింది మాత్రం ఇంగ్లీషులోని చిన్న చిన్న మాటల్ని. పెద్ద మాటలు జనం ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడతారట. మనిషి దొరికిపోయేది చిన్న మాటల దగ్గరేనట.

"మన తెలుగులో ఈ గొడవ లేదమ్మా" అని మొదలుపెట్టేవారు. "కుక్క వచ్చింది అంటాం. ఏ కుక్కో ఎదుటోడే ఊహించుకుంటాడు. ఇంగ్లీషోడికి అలా కుదరదు. ఏదో ఒక కుక్కయితే ‘ఎ డాగ్’. నీకూ నాకూ తెలిసిన కుక్కయితేనే ‘ది డాగ్’. ముందు ‘ఎ’ అని గుమ్మంలో నిలబెట్టాలి. ఎవరో తేలాకే ‘ది’ అని లోపలికి పిలవాలి. నువ్వేటి, దారినపోయే పెతివోడికీ ‘ది’ ఇచ్చీసి ఇంట్లో కూకోబెట్టేత్తన్నావు."

నేను నవ్వితే ఆవిడ నవ్వేవారు కాదు. బడి రోజుల సంగతి చెప్పేవారు. నిన్న రాలేదేమని అడిగితే పిల్లలు జ్వరం అనేవారట. ‘ఎ ఫీవర్’ అన్నవాణ్ణి వదిలేసేవారట. ‘ది ఫీవర్’ అన్నవాణ్ణి మాత్రం నిలబెట్టేవారట. "అంటే ఆ జ్వరం గురించి ఇంట్లో ముందే మాట్లాడుకుని వచ్చారన్నమాట!"

ఇంకోసారి సముద్రం గురించి చెప్పారు. బీచిరోడ్డులో మొక్కజొన్న పొత్తు తింటూ నిలబడ్డవాడు ‘ఎట్ ది సీ’. వేటకెళ్ళి ఇంకా ఒడ్డుకి రానివాడు ‘ఎట్ సీ’. "ఒక్క ‘ది’ తీసేత్తే మనిషి నీళ్ళ మధ్యలోకి ఎల్లిపోతాడు. మరి అనుమానించొద్దా?"

ఆవిడ అనుమానం ప్రతిసారీ నిజమయ్యేది కాదు. ఒక వానాకాలం ఆవిడ ఇంట్లో మాత్రమే కరెంటు పోయింది. మా ఎలక్ట్రీషియనే ఏదో చేశాడని మెట్ల మీద అందరి ముందూ అనేశారు. తీరా చూస్తే ఎలుక వైరు కొరికింది. ఆవిడ మర్నాడు ఆటో మాట్లాడుకుని కొమ్మాదిలో అతనుండే ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, అతని భార్య ముందు, పిల్లల ముందు తప్పయిందని చెప్పి వచ్చారు. తోడు నన్ను తీసుకెళ్ళారు. తిరిగి వస్తుంటే, "అనుమానించడం తప్పు కాదమ్మా. తేలిపోయాక కూడా అనుమానించడం తప్పు" అన్నారు.

ఇక మా తమ్ముడి సంగతి. నేను ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణం అదే.

మాది ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. తమ్ముడు డిగ్రీ చేసి, ఉద్యోగం దొరక్క, ఇంటర్వ్యూల కోసం మా ఇంట్లో ఉంటున్నాడు. ఒక మధ్యాహ్నం వాడికి విదేశం నుంచి ఫోనొచ్చింది. తూర్పు వైపు ఏదో దేశంలో ఒక కంపెనీ, కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలు ఎక్కించే పని. టిక్కెట్టు వాళ్ళే పంపిస్తారట, వచ్చే వారమే బయల్దేరాలట. తమ్ముడు ఫోన్ స్పీకర్లో పెట్టాడు. అవతలి మనిషి గొంతు మెత్తగా ఉంది. ఇంగ్లీషు చక్కగా, తొణక్కుండా సాగింది. నాకు ముచ్చటేసింది. మా తలుపు గాలికి తెరిచే ఉంది. ఎదురు తలుపు సంగతి చెప్పక్కర్లేదు.

ఫోన్ అవగానే తమ్ముడు గాల్లో తేలిపోతున్నాడు. "అక్కా, నాను ఎల్తన్నాను. నాన్నకి ఫోన్ సేసి సెప్పీ."

గుమ్మంలో టీచరుగారు. "ఎవరమ్మా ఆ మాట్లాడింది?"

"కంపెనీ మేనేజరటండీ."

"ఇంగ్లీషు మరీ బావుంది."

"బావుంటే మంచిదేగా?"

"కాదమ్మా. మనిషి మాట్లాడితే ఎక్కడో ఒకచోట జారతాడు. నానూ జారతాను. ఇతను ఒక్క ‘ది’ కూడా జారలేదు. ఇది మాట్లాడ్డం కాదు, సదవడం. ఎదర కాగితం ఉంది."

తమ్ముడి మొహం మాడిపోయింది. "బాగా మాట్లాడితే దొంగేటండి? పాలోడ్ని అనుమానిత్తారు, లిఫ్టోడ్ని అనుమానిత్తారు. ఇప్పుడు నా ఉద్యోగం మీద పడ్డారా?"

నేనూ వాడి పక్షమే. ఇన్నాళ్ళకి ఒక్క ఆశ కనబడితే, ‘ది’ జారలేదని దాన్ని కాలదన్నుకుంటామా? పైగా ఆవిడ మనసులో ఏముందో అని కూడా అనిపించింది. తన దగ్గర ఇంగ్లీషు నేర్చుకోకుండానే మా వాడికి విదేశంలో ఉద్యోగం రావడం నచ్చలేదేమో. ఆ మాట పైకి అనలేదు గానీ మొహంలో కనబడే ఉంటుంది.

ఆవిడ కోప్పడలేదు. "రేపు మళ్ళీ సేత్తాడు గదా. నాను ఒక్క ప్రశ్న అడుగుతాను. జవాబు బావుంటే పులిహోర కట్టించి నానే ఇమానం ఎక్కిత్తాను" అన్నారు.

మర్నాడు అదే వేళకి ఫోను మోగింది. అవతలి మనిషి పాస్‌పోర్టు కాపీ పంపమన్నాడు. మళ్ళీ అదే తీరైన ఇంగ్లీషు. టీచరుగారు మా సోఫా అంచున కూర్చుని, తాను పిల్లవాడి పెద్దమ్మనని ఇంగ్లీషులో పరిచయం చేసుకుని, మెల్లగా అడిగారు:

"హౌ డూ యూ గెట్ టు ది ఆఫీస్ ఇన్ ది మార్నింగ్?"

పొద్దున్న మీరు ఆఫీసుకి ఎలా వెళ్తారు? అంతే. బడిలో విభక్తుల పాఠం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ పిల్లల్ని అడిగిన ప్రశ్నేనట అది. ఎక్కడ్నించి, ఎక్కడికి, దేంట్లో, దేని పక్కనుంచి, అన్నీ ఆ ఒక్క జవాబులో రావాలి.

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "ఆఫీస్ ఈజ్ ఇన్‌సైడ్ ఓన్లీ, మేడమ్" అని వచ్చింది. గొంతు అదే. ఇంగ్లీషు మాత్రం వేరే మనిషిది. మన పిల్లలు మాట్లాడే ఇంగ్లీషు.

"ఇన్‌సైడ్ వాట్?"

"ఇన్‌సైడ్ ఆఫ్ ది హాస్టల్. సేమ్ బిల్డింగ్, మేడమ్."

"మరి బయటికి?" ఆవిడ ఆ మాట కూడా ఇంగ్లీషులోనే అడిగారు.

"అవుట్‌సైడ్... నో గోయింగ్, మేడమ్. ఆల్ అండర్ మేనేజర్."

నా పక్కన తమ్ముడు కదలడం మానేశాడు. టీచరుగారు కళ్ళు మూసుకుని, తరగతిలో వెనక బెంచీ పిల్లాడి పాఠం వింటున్నట్టు విన్నారు. తర్వాత ఉన్నట్టుండి తెలుగులో అడిగారు.

"మీదే ఊరు నాయనా?"

దూరంగా ఎవరో తెలియని భాషలో గట్టిగా ఏదో అన్నారు. కుర్చీ జరిగిన చప్పుడు. ఆ చప్పుడు మాటున చాలా చిన్నగా ఒక మాట వినబడింది.

"రానీకండమ్మా."

ఆ వెంటనే గొంతు పెంచి, మొదటి రోజు ఇంగ్లీషులో, మా ఆసక్తికి ధన్యవాదాలని ఒక పూర్తి వాక్యం తప్పు లేకుండా చెప్పి ఫోను పెట్టేశాడు.

నేను మంచినీళ్ళిస్తే టీచరుగారు తాగకుండా గ్లాసు పక్కన పెట్టేశారు. "ఆ పిల్లడి నోట ఒక్క ‘టు’ రాలేదు, సూశావా అమ్మా? ఇన్‌సైడ్, అండర్. ఎక్కడికీ ఎల్లలేని మనిషి" అన్నారు. తమ్ముడు ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. ఆవిడ ‘నేను చెప్పలేదా’ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాతెప్పుడూ అనలేదు.

సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేశాం. ఆ నంబరు మళ్ళీ పలకలేదు. తమ్ముడు గాజువాకలో ఒక గోడౌనులో లెక్కలు చూసే పనిలో చేరాడు. అది వాడికి అంతగా నచ్చలేదు, అయినా చేశాడు. టీచరుగారు మాత్రం ఆ మనిషిని మరవలేదు. ముగ్గులు వేస్తూనో, చింతపండు పిసుకుతూనో ఉన్నట్టుండి, "ఆ మాట అన్నందుకు అక్కడోళ్ళు అతన్నేటి సేసుంటారమ్మా?" అనేవారు.

కొన్ని నెలల తర్వాత తమ్ముడికి ఫోనొచ్చింది. అదే గొంతు. ఈసారి తెలుగులో. అక్కడ చిక్కుకున్నవాళ్ళలో కొందరిని మన ప్రభుత్వంవాళ్ళు వెనక్కి తెచ్చారట, అందులో తానూ ఉన్నాడట, తమ్ముడి నంబరు గుర్తుపెట్టుకున్నాడట, ఆ అమ్మని ఒకసారి చూడాలట. నేను ససేమిరా అన్నాను. ఇదీ ఒక ఎత్తే అనుకున్నాను. తియ్యగా మాట్లాడి ఊళ్ళోవాళ్ళని రప్పించడమే కదా అతని పని! తమ్ముడూ భయపడ్డాడు.

టీచరుగారు చాలాసేపు ఆలోచించారు. "రమ్మను. పగలు రమ్మను. రెండు తలుపులూ బార్లా తెరిచి కూకుందాం."

వచ్చాడు. బక్కపలచటి మనిషి, మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. ఎలమంచిలికి అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఇంట్లో అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. తానొక్కడే చదువుకున్నాడు. ఇలాంటి ఫోనే నమ్మి వెళ్ళాడు. విమానం దిగగానే పాస్‌పోర్టు తీసేసుకున్నారట.

"మన జిల్లాలోళ్ళకి నా సేత ఫోన్లు సేయించీవోరండి. ఎదర కాగితం, ఎనకాల మనిషి. కాగితంలో ఉన్నదే సదవాల. మీరు ఆఫీసుకి ఎలా ఎల్తావని అడిగారు సూడండి, దానికి కాగితంలో జవాబు లేదండి."

నేను కాఫీ ఇచ్చాను గానీ ఎదురుగా కూర్చోలేదు. టీచరుగారు అతని మొహంలోంచి చూపు తిప్పకుండా అడిగారు.

"నువ్వు ఫోన్ సేత్తే వచ్చినోళ్ళున్నారా?"

అతను తల దించుకున్నాడు. "ఫోన్లు సేయించారండి."

"సేయించినోళ్ళ సంగతి అడగలేదు. సేసిందెవరు?"

"నానేనండి." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరొచ్చారు. ఒకడింకా అక్కడే ఉన్నాడు."

నాకు లేచి పొమ్మనాలనిపించింది. మా తమ్ముడు మూడోవాడు అయ్యుండేవాడు. టీచరుగారు మాత్రం, "పని జరిగిందని సెప్పి, ‘బై’ పెట్టి అది సేసిందెవరో సెప్పని వాక్యం మీద నాకెప్పుడూ అనుమానమే. ఇప్పుడు పూర్తిగా సెప్పావు. ఇదే పోలీసోళ్ళకి సెప్పావా?" అని అడిగారు. చెప్పలేదన్నాడు. తన మీదే కేసు పెడతారని భయం.

"లే. నానూ వత్తాను."

ఆ ఎండలో, మోకాళ్ళ నొప్పులతో, ఆవిడ అతన్ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళారు. అక్కడే ఉండిపోయిన ఆ కుర్రాడి పేరు, ఊరు, ఉన్న చోటు అన్నీ అతని చేత చెప్పించి, సాయంత్రానికి తిరిగొచ్చారు. ఆ కుర్రాడు మరుసటి ఏడాదికి గానీ ఇల్లు చేరలేదు. చేరాడు, అంతే చాలు.

స్టేషను నుంచి వచ్చాక అతను వెళ్ళిపోబోతుంటే, టీచరుగారు ఆపి, ఇంగ్లీషులో అడిగారు, అక్కడ్నించి నువ్వెలా వచ్చావని. పరీక్షే అది. ఆవిడ ఇంకా పూర్తిగా నమ్మలేదు. అతను తడబడ్డాడు. "ఐ కేమ్... టు హోమ్... బై ది ఫ్లైట్, బై ది ట్రైన్."

"‘బై’ తర్వాత ‘ది’ వద్దు. బై ట్రైన్" అని దిద్దారు. "ఇంకోటి. ఊరికెళ్తే ‘టు’ కావాలి. ఆఫీసుకెళ్తే కావాలి. ఇంటికి మాత్రం అక్కర్లేదు బాబూ. కేమ్ హోమ్. అంతే."

"కేమ్ హోమ్" అన్నాడతను. మళ్ళీ అన్నాడు. మూడోసారి అనబోయి చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆవిడ వేరే వైపు చూస్తూ, కూర్చోమన్నారు, అన్నం తిని వెళ్ళమన్నారు.

ఆ తర్వాత అతను ఆదివారాలు వచ్చి పాఠం చెప్పించుకునేవాడు. ఇప్పుడు ఫిషింగ్ హార్బరు దగ్గర వలలూ ఇంజను సామానూ అమ్మే దుకాణంలో పనిచేస్తున్నాడు. ఆవిడతో బాటు నేనూ అతన్ని మెల్లగా నమ్మడం మొదలుపెట్టాను. ముందు నమ్మింది ఎవరంటే ఆవిడేనని చెప్పాలి. నాకు చాలా కాలం పట్టింది.

ఆవిడని ఆఖరిసారి ఆసుపత్రిలో చూశాను. సెలైన్ సీసా మీద రాసింది చదవమని నా చేత చదివించారు. గడువు తేదీ చూడమన్నారు. వచ్చిన డాక్టరు అసలు డాక్టరేనా అని చెవిలో అడిగారు. నేను నవ్వును ఆపుకుంటుంటే, "నాను ‘ఇన్ హాస్పిటల్’ అమ్మా. రోగిని. నువ్వు ‘ఇన్ ది హాస్పిటల్’. సూడ్డానికి వచ్చావు. నీకు ఇక్కడ పనేటి లేదు, ఇంటికి పో" అన్నారు. చేయి మాత్రం వదల్లేదు. నేను చాలాసేపు కూర్చున్నాను.

అస్థికలు భీమిలిలో, ఏరు సముద్రంలో కలిసే చోట కలిపారు. కూతురు, నేను, మా ఆయన, తమ్ముడు వెళ్ళాం. వలల దుకాణం అతను సెలవు పెట్టి వచ్చి, మాతో కలవకుండా దూరంగా ఇసకలో నిలబడ్డాడు. కూతురు అతన్ని చూసి, కళ్ళు చికిలించి, నా చెవిలో అడిగింది.

"ఎవరతను అక్కా?"

చెప్పాను. మొత్తం చెప్పలేదు, అమ్మగారి దగ్గర చదువుకున్నాడన్నాను. ఆ అమ్మాయి ఇంకా అనుమానంగానే చూసి, తర్వాత చేయి ఊపి రమ్మంది. కుండ అతని చేతికే ఇచ్చింది, మాకెవరికీ అలలు అలవాటు లేవు గనక. అతను చెప్పులు విడిచి, ఏరూ సముద్రమూ ఒకదాన్నొకటి నెట్టుకునే చోటికి నడుం లోతుకి వెళ్ళాడు. అల వచ్చే ముందు కాదు, వెనక్కి తగ్గేటప్పుడు కుండ వంచాడు, అంతా లోపలికి పోయేలా.

మేము కారెక్కే వేళకి అతను బస్టాపులో ఉన్నాడు. రమ్మని పిలిస్తే తడి బట్టలు, సీటు పాడైపోతుందన్నాడు. నగరం వైపు వెళ్ళే బస్సొచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగేవరకూ చూశాను. నీళ్ళు కారుతున్న చొక్కా చేతిని కిటికీలోంచి బయటికి చాపి, గాలికి ఆరబెట్టుకుంటున్నాడు.